ఆటిజం ఉన్న పిల్లల కోసం అమ్మే ఒమేగా-3: సీసా వెనక్కి తిప్పి చదివితే తేలేది

ఒమేగా-3 క్యాప్సూల్ డబ్బా ముందు వైపు '1000 మి.గ్రా.' అని పెద్ద అక్షరాల్లో వేస్తారు. ఆ వెయ్యి చేపనూనె మొత్తం బరువు. పిల్లలకు అందాల్సింది అందులోని రెండు కొవ్వు ఆమ్లాలు, ఇ.పి.ఎ., డి.హెచ్.ఎ. మామూలు చేపనూనెలో ఇవి వరుసగా 180, 120 మి.గ్రా. ఉంటాయి. రెండూ కలిపితే 300. మిగిలిన 700 వేరే కొవ్వులు. డబ్బా వెనక సన్నక్షరాల పట్టికలో ఈ రెండు అంకెలు విడివిడిగా రాసి లేకపోతే, ఆ డబ్బాను అక్కడే పెట్టేయండి. ఈ సమీక్షలో చెప్పే చాలా సంగతులు ఆ రెండు అంకెల మీదే ఆధారపడి ఉంటాయి.

మా తీర్పు ముందే చెప్పేస్తాం. ఒమేగా-3 ఆటిజానికి మందు కాదు. మాటలు రావడానికి, కళ్లలోకి చూడడానికి, నలుగురిలో కలవడానికి ఇది పనికొస్తుందని నమ్మదగిన రుజువు లేదు. కొందరు పిల్లల్లో హైపర్‌యాక్టివిటీ (కుదురు లేని అతి చలాకీతనం), చిరాకు కాస్త తగ్గవచ్చన్న సూచన ఉంది, అది కూడా బలహీనమైన సూచనే. చేప ముట్టని పిల్లలకు పోషణలో లోటు పూడ్చడానికి మాత్రం ఇది మంచి వస్తువు. ఈ రెండు అవసరాలకు మోతాదులు వేరు, కొనాల్సిన సరుకూ వేరు. అమ్మేవాళ్లు మొదటి ఆశ చూపించి రెండో మోతాదు చేతిలో పెడుతుంటారు. మన అభ్యంతరం అక్కడే.

పోషణ కోసమైతే రెండేళ్లు దాటిన పిల్లలకు రోజుకు ఇ.పి.ఎ., డి.హెచ్.ఎ. కలిపి 250 మి.గ్రా. సరిపోతుందని యూరప్ ఆహార భద్రతా సంస్థ లెక్క కట్టింది. అంటే మామూలు చేపనూనె క్యాప్సూల్ ఒక్కటి చాలు. ప్రవర్తనలో మార్పు వస్తుందేమోనని చేసిన పరీక్షల్లో ఎక్కువ భాగం రోజుకు 1.3 నుంచి 1.5 గ్రాముల దాకా ఇచ్చాయి. అంటే అవే క్యాప్సూళ్లు నాలుగైదు. పిల్లల సిరప్పుల్లో 5 మి.లీ.కి 100 మి.గ్రా. డి.హెచ్.ఎ. ఉందనుకుందాం. 1.3 గ్రాములు అందాలంటే రోజుకు 65 మి.లీ. తాగించాలి. 200 మి.లీ. సీసా మూడు రోజులకే ఖాళీ అవుతుంది. సిరప్‌లోని చక్కెర, రంగు, మిగతా విటమిన్లు అన్నీ కలిసి అంత మోతాదులో పిల్లల కడుపులోకి వెళ్తాయి. అలా ఎవరూ తాగించరు, తాగించకూడదు కూడా. 'రోజుకు ఒక చెంచా' అని ఇస్తూ ఆర్నెల్ల తర్వాత 'ఒమేగా-3 వాడి చూశాం, పనిచేయలేదు' అనుకునే ఇళ్లలో నిజానికి పరీక్షే జరగలేదు.

ఇక పరీక్షల సంగతి. కాస్త ఓపిగ్గా చదవండి, కొనాలా వద్దా అన్నది తేలేది ఇక్కడే.

2007లో ఆస్ట్రియా పరిశోధకులు 5 నుంచి 17 ఏళ్ల వయసున్న 13 మందితో ఒక చిన్న పరీక్ష చేశారు. తీవ్రమైన మొండి ఏడుపులు, కొట్టడం, తమను తాము గాయపరచుకోవడం ఉన్న పిల్లలు వాళ్లు. రోజుకు 1.5 గ్రాములు, ఆరు వారాలు. హైపర్‌యాక్టివిటీ, ఒకే పనిని పదేపదే చేయడం కాస్త తగ్గే దిశలో కనిపించాయి. 13 మందితో చేసినదాన్ని బట్టి ఎవరూ ఏదీ తేల్చలేరు, కానీ తర్వాతి పరీక్షలకు దారి వేసింది అదే. 2011లో శాన్‌ఫ్రాన్సిస్కోలో 3 నుంచి 8 ఏళ్ల పిల్లలు 27 మందిని రెండు జట్లు చేసి, 12 వారాలు ఒక జట్టుకు రోజుకు 1.3 గ్రాములు, రెండో జట్టుకు పోల్చి చూడడానికి ఒమేగా-3 లేని ఉత్తుత్తి మందు ఇచ్చారు. హైపర్‌యాక్టివిటీ స్కోరు ఒమేగా-3 జట్టులో 2.7 తగ్గింది, ఉత్తుత్తి మందు జట్టులో 0.3 తగ్గింది. ఈ తేడా కాకతాళీయం కాదని చెప్పడానికి ఆ సంఖ్యలు చాలలేదు.

అదే బృందం 2014లో ఇంటర్నెట్ ద్వారా 57 మంది పిల్లలను చేర్చుకుని, ఒక జట్టుకు అదే మోతాదు ఆరు వారాలు ఇచ్చింది. ఈసారి ఒమేగా-3 జట్టులో 5.3 తగ్గింది, ఉత్తుత్తి మందు జట్టులోనూ 3.4 తగ్గింది. ఈ రెండో అంకె దగ్గర కాసేపు ఆగండి. ఏ మందూ లేని నూనె తాగిన పిల్లల్లో కూడా తల్లిదండ్రులకు అంత మార్పు కనిపించింది. ఆ కొలమానం ప్రకారం హైపర్‌యాక్టివిటీకి వేయగల గరిష్ఠ స్కోరు 48. అసలు మందుకీ ఉత్తుత్తి మందుకీ మధ్య తేడా రెండు కూడా లేదు. 'మా బాబుకి వాడాక బాగా తగ్గింది' అని ఆన్‌లైన్ రివ్యూల్లో రాసే తల్లిదండ్రులు అబద్ధం చెప్పడం లేదు. వాళ్లు చూసిన మార్పు నిజమే. అది సీసా వల్ల వచ్చిందా, ఆ నెలల్లో పిల్లవాడు ఎదిగినందువల్ల వచ్చిందా, వాళ్లు ఆశతో చూడడం వల్ల వచ్చిందా అన్నది ఒక్క ఇంట్లో చూసి చెప్పలేం. అందుకే ఈ సమీక్షలో నక్షత్రాల రేటింగులను లెక్కలోకి తీసుకోలేదు.

తక్కువ మోతాదు సంగతి 2014లోనే మరో పరీక్ష తేల్చింది. 3 నుంచి 10 ఏళ్ల పిల్లలు 48 మందిలో ఒక జట్టుకు రోజుకు 200 మి.గ్రా. డి.హెచ్.ఎ. మాత్రమే ఆరు నెలలు ఇచ్చారు. రక్తంలో డి.హెచ్.ఎ. నాలుగు రెట్లకు పైగా పెరిగింది, అంటే మందు ఒంటికి పట్టింది. ఆటిజం లక్షణాల్లో మాత్రం మార్పు లేదు. సిరప్పుల మీద 'మెదడు ఎదుగుదలకు డి.హెచ్.ఎ.' అని చూసి కొనేవాళ్లు ఈ ఒక్క ఫలితాన్నైనా గుర్తుపెట్టుకోవాలి. మెదడు కణాల పొరల్లో డి.హెచ్.ఎ. దండిగా ఉంటుందన్నది నిజం. బయటి నుంచి ఇంకొంచెం పోస్తే ప్రవర్తన మారుతుందన్నది దాన్నుంచి దానంతటది తేలే విషయం కాదు.

2015లో కెనడాలో వచ్చిన ఫలితం గురించి అమ్మేవాళ్లు ఎవరూ చెప్పరు. 2 నుంచి 5 ఏళ్ల పిల్లలు 38 మందిలో ఒక జట్టుకు రోజుకు 1.5 గ్రాముల దాకా ఆరు నెలలు ఇచ్చారు. కోపం, ఎదురు తిరగడం, కొట్టడం లాంటి బయటికి కనిపించే ప్రవర్తన ఒమేగా-3 తీసుకున్న జట్టులో ఇంకా చెడింది. 'వాడితే పోయేదేముంది, సహజమైనదే కదా' అనే మాట మాకు నచ్చకపోవడానికి ఇదీ ఒక కారణం. చిన్న పిల్లల్లో ఎక్కువ మోతాదు మొదలుపెట్టాక కొట్టడం, కొరకడం పెరిగితే 'అలవాటు పడే దశ' అని సర్దుకోవద్దు. ఆపేయండి.

కాస్త ఆశ కలిగించిన ఫలితాలూ ఉన్నాయి. 2019లో వెలువడిన న్యూజిలాండ్ పరీక్షలో రెండున్నర నుంచి 8 ఏళ్ల పిల్లల్లో ఒక జట్టుకు ఏడాది పాటు రోజుకు 722 మి.గ్రా. డి.హెచ్.ఎ. ఇచ్చారు. చిరాకు స్కోరు ఉత్తుత్తి మందు కంటే బాగా తగ్గింది. కానీ 117 మందితో మొదలైతే చివరిదాకా ఉన్నది 73 మందే. ఏడాది పాటు రోజూ నూనె మింగించడం ఎంత కష్టమో కూడా ఆ అంకే చెబుతుంది. ఇంకోటి, నెలలు నిండకుండా, అంటే 29 వారాలకో అంతకు ముందో పుట్టి, నడక వయసుకు వచ్చిన 31 మంది పిల్లల మీద అమెరికాలో చేసిన చిన్న పరీక్ష. మూడు నెలలు ఒమేగా-3-6-9 మిశ్రమం ఇస్తే ఆటిజాన్ని పోలిన లక్షణాల స్కోరు మెరుగైంది. అందులో 338 మి.గ్రా. ఇ.పి.ఎ., 225 డి.హెచ్.ఎ., 83 గామా లినోలెనిక్ ఆమ్లం (ఒక రకం ఒమేగా-6) ఉన్నాయి. ఇది నెలలు నిండని పిల్లల సంగతి. దీన్ని పట్టుకుని ఆటిజం ఉన్న పిల్లలందరికీ '3-6-9' అమ్మడం సబబు కాదు. మన వంటనూనెల్లో ఒమేగా-6 ఎలాగూ దండిగా ఉంటుంది, ఒమేగా-9ని శరీరమే తయారుచేసుకుంటుంది. డబ్బా మీద మూడు అంకెలు ఉన్నాయని ఎక్కువ ధర పెట్టనక్కర్లేదు.

వైద్య పరీక్షల ఫలితాలన్నీ కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2011లో చేసిన సమీక్షకు ఎంతో వెతికితే దొరికినవి రెండు పరీక్షలు, 37 మంది పిల్లలు. మంచి రుజువు లేదని తేల్చారు. తర్వాత పరీక్షలు పెరిగాయి గానీ ఒక్కటీ పెద్దది కాదు. నిద్ర సమస్యలకు ఆటిజం ఉన్న పిల్లలకు ఒమేగా-3 వాడొద్దని బ్రిటన్‌లో చికిత్సలకు మార్గదర్శకాలు రాసే నైస్ సంస్థ 2013లోనే చెప్పింది. 'రాత్రి నిద్ర పడుతుంది' అని చెప్పి అమ్మితే కొనకండి. మరి హైపర్‌యాక్టివిటీ ఆశ ఎక్కడిది అంటే, ఎక్కువగా ఏడీహెచ్‌డీ నుంచి, అంటే ధ్యాస నిలవకపోవడం, కుదురు లేకపోవడం ఉండే సమస్య నుంచి. 2011లో 10 పరీక్షలు, 699 మంది పిల్లల ఫలితాలను కలిపి చూస్తే చిన్నదే అయినా లాభం తేలింది, ఇ.పి.ఎ. ఎక్కువున్నకొద్దీ లాభం ఎక్కువ. కాబట్టి ఆటిజంతో పాటు ఏడీహెచ్‌డీ కూడా ఉన్న పిల్లలకు ప్రయత్నించడంలో కొంత అర్థం ఉంది. ఆ ప్రయత్నానికి డి.హెచ్.ఎ. ఒక్కటే ఉన్న సిరప్ కాకుండా ఇ.పి.ఎ. ఎక్కువున్న నూనె కావాలి.

షాపులో దొరికే సరుకును ఇప్పుడు ఒక్కొక్కటిగా చూద్దాం.

మామూలు చేపనూనె క్యాప్సూల్: 250 మి.గ్రా. పోషణకు ఇదే చవకైన, సరైన వస్తువు. పరీక్ష మోతాదుకు నాలుగైదు కావాలి కాబట్టి చిన్నపిల్లలకు కుదరదు. గాఢత పెంచిన క్యాప్సూల్‌లో ఒక్కోదానికి 500 నుంచి 600 మి.గ్రా. ఉంటుంది. పరీక్ష మోతాదుకు రోజుకు రెండు మూడు చాలు. గాఢత పెంచిన వాటిలో చాలా వరకు ఇథైల్ ఎస్టర్ అనే రసాయన రూపంలో ఉంటాయి. పరగడుపున ఇస్తే ఇది సరిగా ఒంటికి పట్టదు, నూనో నెయ్యో ఉన్న భోజనంతో ఇవ్వాలి. నూనెల్లో సహజంగా ఉండే ట్రైగ్లిసరైడ్ రూపం కొంచెం ఖరీదు, దాన్ని కూడా భోజనంతో ఇవ్వడమే మేలు. రూపం కనిపెట్టడానికి నూనెను థర్మాకోల్ కప్పులో పోసి చూడమంటూ వీడియోలు తిరుగుతున్నాయి. ఇథైల్ ఎస్టర్ థర్మాకోల్‌ను కరిగిస్తుంది, నిజమే. కానీ నారింజ, నిమ్మ రుచి కోసం కలిపే లిమొనీన్ కూడా కరిగిస్తుంది. ఆ పరీక్షను నమ్మకండి, లేబుల్ చదవండి, లేకపోతే కంపెనీకి మెయిల్ పెట్టి అడగండి.

నూనె రూపంలో సీసా: పిల్లలకు మా మొదటి ఎంపిక. చెంచాకు 1 గ్రాము దాటి ఇ.పి.ఎ., డి.హెచ్.ఎ. ఇచ్చేవి ఉన్నాయి, మోతాదును మి.లీ.లలో మెల్లగా పెంచుకోవచ్చు. నీళ్లలో చిలికిన ఎమల్షన్లు నీచు వాసన తక్కువగా, పుడ్డింగ్‌లా ఉంటాయి. శాన్‌ఫ్రాన్సిస్కో పరీక్షల్లో ఇచ్చింది నారింజ రుచి ఉన్న అలాంటి పాకెట్లే.

గమ్మీలు: వద్దు. ఒక్కో గమ్మీలో 50 మి.గ్రా. ఉందనుకుంటే 1.3 గ్రాములకు 26 తినాలి. చక్కెర, పళ్లకు అతుక్కోవడం, మిఠాయి అనుకుని పిల్లలు సీసా అంతా తినేయడం, ఇవన్నీ అదనపు తలనొప్పులు.

కాడ్ లివర్ ఆయిల్: దీన్ని ఒమేగా-3 కోసం ఎక్కువ మోతాదులో ఇవ్వడం ప్రమాదం. ఇది చేప కండలో నూనె కాదు, కాలేయంలోది. విటమిన్ ఎ, డి ఇందులో దండిగా ఉంటాయి. సంప్రదాయ కాడ్ లివర్ నూనె ఒక టీస్పూన్‌లో విటమిన్ ఎ సుమారు 1350 మైక్రోగ్రాములు. 4 నుంచి 8 ఏళ్ల పిల్లలకు రోజుకు దాటకూడని హద్దు 900, 1 నుంచి 3 ఏళ్ల వాళ్లకు 600. అంటే ఒక్క చెంచాతోనే హద్దు దాటుతుంది. దానికి తోడు ఇంట్లో మల్టీవిటమిన్ సిరప్ నడుస్తుంటుంది, అయిదేళ్ల లోపు వాళ్లకు ప్రభుత్వ కార్యక్రమంలో ఆరు నెలలకోసారి రెండు లక్షల యూనిట్ల విటమిన్ ఎ డోసు కూడా పడుతుంది. విటమిన్ ఎ పేరుకుంటే తలనొప్పి, వాంతులు, చర్మం పొడిబారడం, ఎముకల నొప్పి, కాలేయానికి దెబ్బ. మాటలు రాని పిల్లవాడు తలనొప్పి అని చెప్పలేడు. గోడకు తల కొట్టుకుంటాడు. అది ఆటిజం ఖాతాలోకి వెళ్లిపోతుంది. చిన్న పసుపు గుళికలు రోజుకు ఒకటి ఇస్తే ఇబ్బంది లేకపోవచ్చు. కానీ అందులో నూనే 300 మి.గ్రా., ఒమేగా-3 ఏమాత్రం ఉంటుందో మీరే లెక్కేసుకోండి.

నాచు నూనె: శాకాహార ఇళ్లకు ఇదే దారి. చేపలకు డి.హెచ్.ఎ. వచ్చేది కూడా నాచు నుంచే. సాధారణంగా ఇందులో డి.హెచ్.ఎ. ఎక్కువ, ఇ.పి.ఎ. చాలా తక్కువ, రెండూ ఉన్న రకాలూ వస్తున్నాయి, వెతకాలి. ఒక మెలిక ఉంది. నూనె నాచుదే అయినా క్యాప్సూల్ పైపొర జెలటిన్‌ది కావచ్చు, జెలటిన్ జంతువుల నుంచి తీసేది. ఆకుపచ్చ గుర్తు ఉందో, గోధుమరంగు గుర్తు ఉందో చూసి కొనండి.

అవిసె నూనె, అవిసె గింజల పొడి: తిండిగా మంచివే. వీటిలో ఉండేది ఎ.ఎల్.ఎ. అనే మరో ఒమేగా-3. దాన్ని మన శరీరం డి.హెచ్.ఎ.గా మార్చుకునేది అతి కొద్ది మాత్రమే. లేబుల్ మీద 'ఒమేగా-3 500 మి.గ్రా.' అని ఉండి వెనక ఎ.ఎల్.ఎ. అని ఉంటే, ఈ లెక్కలో దాన్ని సున్నా కింద వేసుకోండి.

పొడి డబ్బాలు, చాక్లెట్ రుచి పాల పౌడర్లు: 'డి.హెచ్.ఎ. పౌడర్ 10 శాతం' అనే మాట కనపడితే ఆగండి. అలాంటి పొడి 100 మి.గ్రా. వేస్తే అసలు డి.హెచ్.ఎ. 10 మి.గ్రా. మాత్రమే. డబ్బా ముందు డి.హెచ్.ఎ. అన్న పేరు వేసుకోవడానికి అది చాలు, పిల్లవాడికి చాలదు. ఇక 'ఆటిజం ప్రత్యేకం' అని ఒమేగా-3తో బి12, మెగ్నీషియం, ప్రోబయాటిక్ అన్నీ కలిపి అమ్మే కిట్లు. ఆహార సప్లిమెంట్ల మీద 'మందుగా వాడరాదు' అన్న అర్థం వచ్చే హెచ్చరిక ఉండాలన్నది మన దేశంలో నియమం. జబ్బు తగ్గిస్తామని చెప్పుకోకూడదు. డబ్బా మీద ఆ హెచ్చరిక, ప్రకటనలో 'మూడు నెలల్లో మాటలు' అన్న హామీ రెండూ ఉంటే, దేన్ని నమ్మాలో వాళ్లే చెప్పినట్టు. నాలుగు కలిపి ఇస్తే మార్పు దేనివల్ల వచ్చిందో, కడుపు దేనివల్ల చెడిందో ఎప్పటికీ తెలియదు.

తాజాదనం గురించి షాపులో ఎవరూ మాట్లాడరు, కానీ పిల్లలు నూనె ఉమ్మేయడానికి పెద్ద కారణం అదే. ఈ కొవ్వు ఆమ్లాలు గాలి, వెలుతురు, వేడి తగిలితే ఇట్టే పాడవుతాయి. ఒమేగా-3 తయారీదారుల అంతర్జాతీయ సంఘం నూనె ఎంత పాడైందో చెప్పే కొలతలకు పెట్టుకున్న హద్దులు ఇవి: పెరాక్సైడ్ విలువ 5, ఆనిసిడీన్ విలువ 20, రెండూ కలిపి లెక్కేసే టోటాక్స్ 26 మించకూడదు. మంచి కంపెనీ బ్యాచ్ నంబరు చెప్తే ఈ అంకెలున్న పరీక్ష పత్రం పంపిస్తుంది. పంపనివాళ్ల దగ్గర కొనకండి. ఇంట్లో చేయగలిగింది ఒకటుంది: డబ్బాలోంచి ఒక క్యాప్సూల్ కోసి వాసన, రుచి చూడండి. మంచి నూనెకు సన్నటి చేప వాసన ఉంటుంది. ముక్కిపోయిన వాసన, పెయింటు వాసన, గొంతులో చేదు ఉంటే పారేయండి. పండ్ల రుచి కలిపిన నూనెలో ఈ తేడా తెలియదు, అక్కడ తేదీ ఒక్కటే ఆధారం. గడువు ఇంకా ఏడాదైనా ఉన్నదే తీసుకోండి. ఏప్రిల్, మే నెలల్లో ఆన్‌లైన్‌లో తెప్పించడం తప్పించండి. విజయవాడలోనో రామగుండంలోనో మధ్యాహ్నం డెలివరీ వ్యాన్‌లో గంటల తరబడి ఉన్న డబ్బాలో క్యాప్సూళ్లు ఒకదానికొకటి అతుక్కుని వస్తాయి. అలా వస్తే వెనక్కి పంపండి. సీసా మూత తీశాక ఫ్రిజ్‌లోనే ఉంచాలి, లేబుల్ మీద రాసిన గడువు లోపు వాడాలి. పెద్ద సీసా చవక అని కొని ఆరు నెలలు సాగదీయడం దండగ.

పిల్లలకు ఇవ్వడంలో జరిగే అతి పెద్ద పొరపాటు, వాళ్లకు ఇష్టమైన తిండిలో దొంగతనంగా కలపడం. ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామంది తినేది నాలుగైదు రకాలే. పెరుగన్నం ఒక్కటే తినే పాపకు అందులో నూనె కలిపారనుకోండి, వాసన పసిగడితే పెరుగన్నం కూడా మానేస్తుంది. ఉన్న నాలుగింటిలో ఒకటి పోతుంది, మళ్లీ మొదలుపెట్టడానికి నెలలు పడుతుంది. కాబట్టి నూనెను విడిగా చెంచాతో, రోజూ ఒకే వేళకు, ఒకే వరుసలో ఇవ్వండి: చెంచా, వెంటనే ఇష్టమైన పానీయం, ఆ తర్వాత ఆట. బొమ్మల కార్డుల మీద రోజువారీ పనులు చూపించే అలవాటు ఉంటే అందులో దీనికీ ఒక కార్డు పెట్టండి. చల్లగా ఉంటే నీచు తక్కువ తెలుస్తుంది, ఫ్రిజ్‌లోంచి తీసి వెంటనే ఇవ్వండి. ఏదైనా కలపక తప్పకపోతే రెండు చెంచాల చల్లటి పండ్ల గుజ్జులో కలపండి, అంత వరకూ తప్పక తినేలా. వేడి పప్పులో, సాంబారులో కలపొద్దు. గిన్నెడు అన్నంలో కలిపితే సగం వదిలేశాక ఎంత అందిందో తెలియదు. మింగడం సరిగా రాని పిల్లలకు క్యాప్సూల్ నోట్లో వేయకండి, గొంతుకు అడ్డం పడుతుంది. శుభ్రమైన సూదితో గుచ్చి నూనె చెంచాలోకి పిండండి.

మొదటి వారం అనుకున్న మోతాదులో పావు వంతు, రెండో వారం సగం, మూడో వారం ముప్పావు, నాలుగో వారం పూర్తిగా. ఒకేసారి పూర్తి మోతాదు ఇస్తే విరేచనాలు, నీచు త్రేన్పులు, కడుపునొప్పి వస్తాయి. పూర్తి మోతాదును మధ్యాహ్నం, రాత్రి భోజనాలకు పంచితే ఇవి తగ్గుతాయి. విరేచనాలు వారం దాటితే వెనకటి మెట్టుకు దిగండి.

1.3 గ్రాముల మోతాదును పిల్లల డాక్టరుకు చెప్పకుండా మొదలుపెట్టకూడదు. ముఖ్యంగా మూర్ఛకు వాల్‌ప్రోయేట్ వాడుతుంటే. ఆ మందు కొందరిలో ప్లేట్‌లెట్లను తగ్గిస్తుంది, ఎక్కువ మోతాదు ఒమేగా-3 రక్తం గడ్డకట్టడాన్ని కొద్దిగా నెమ్మదింపజేయవచ్చు. ముక్కు నుంచి రక్తం, ఊరికే కమిలిన మచ్చలు కనిపిస్తే ఆపి డాక్టరును కలవండి. పన్ను తీయించడానికి గాని, ఆపరేషన్‌కు గాని వెళ్తే ఇది వాడుతున్నట్టు చెప్పండి. చేప పడని పిల్లలకు చేపనూనె అసలే వద్దు. తీవ్రమైన చిరాకు, దూకుడు తగ్గడానికి డాక్టరు రాసే రిస్పెరిడోన్ లాంటి మందును ఆపి దాని బదులు ఇది ఇవ్వడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకండి.

ప్రయత్నించాలనుకుంటే ఇలా చేయండి. మొదలుపెట్టే ముందు రెండు వారాలు ఏమీ ఇవ్వకుండా రెండే విషయాలు లెక్కపెట్టి రాసుకోండి. ఉదాహరణకు రోజుకు ఎన్నిసార్లు గట్టిగా ఏడ్చి నేల మీద పడ్డాడు, భోజనానికి ఎన్ని నిమిషాలు కూర్చున్నాడు. 'బాగున్నాడు, బాలేడు' అని రాస్తే పనికిరాదు. తర్వాత మోతాదు పెంచుకుంటూ మొత్తం 12 వారాలు ఇవ్వండి. ఎర్ర రక్తకణం బతికేది దాదాపు 120 రోజులు కాబట్టి కణాల్లో ఈ కొవ్వుల వాటా స్థిరపడడానికి నెలలు పడుతుంది. రెండు వారాలకే కనిపించిన అద్భుతాన్ని నమ్మొద్దు. ఈ 12 వారాల్లో కొత్త థెరపీ, కొత్త బడి, కొత్త మందు, పాలు మాన్పించడం లాంటివి ఏవీ మొదలుపెట్టకండి. వేసవి సెలవులు, సంక్రాంతి ప్రయాణాలు మధ్యలో పడకుండా తేదీలు చూసుకోండి. బళ్లో టీచరుకు, థెరపిస్టుకు నూనె సంగతి చెప్పకుండా వారానికోసారి అవే రెండు విషయాలు అడగండి. తెలియని మనిషి చెప్పే అంకెకు మీ అంకె కంటే విలువ ఎక్కువ. చివరి రెండు వారాల లెక్కను మొదటి రెండు వారాల లెక్కతో పోల్చండి. తేడా లేకపోతే ఆపేయండి. ఒకేసారి ఆపినా ఇబ్బంది ఉండదు. తేడా ఉంటే మీ డాక్టరుకు ఆ కాగితం చూపించండి.

ఖర్చు లెక్క వేయడం తేలిక: ధరను డబ్బాలో ఉన్న మొత్తం ఇ.పి.ఎ., డి.హెచ్.ఎ. గ్రాములతో భాగించండి. ఉదాహరణకు 450 రూపాయలకు 300 మి.గ్రా. చొప్పున 60 క్యాప్సూళ్లు వస్తే మొత్తం 18 గ్రాములు, గ్రాముకు 25 రూపాయలు. 900 రూపాయలకు 600 మి.గ్రా. చొప్పున 60 వస్తే అదే 25. 250 రూపాయల 200 మి.లీ. సిరప్‌లో 5 మి.లీ.కి 100 మి.గ్రా. ఉంటే మొత్తం 4 గ్రాములే, గ్రాముకు 62 దాటుతుంది. 500 రూపాయలకు 50 మి.గ్రా. గమ్మీలు 30 వస్తే గ్రాముకు 333. పన్నెండు వారాల పూర్తి మోతాదుకు సుమారు 109 గ్రాములు కావాలి. మొదటి లెక్కన 2,700 రూపాయల చిల్లర, గమ్మీల లెక్కన 36,000 పైన.

చేప తినే పిల్లలైతే ఈ డబ్బాలేవీ అక్కర్లేదు. కవ్వలు, కానాగంతలు లాంటి చిన్న సముద్రపు చేపల్లో ఈ కొవ్వు బాగా ఉంటుంది, చవక కూడా. వారానికి రెండుసార్లు పులుసుగానో, ఇగురుగానో పెడితే 250 మి.గ్రా. సగటు అందుతుంది. బొచ్చె, రాగండి లాంటి చెరువు చేపల్లో తక్కువ. వంజరం లాంటి, చిన్న చేపలను తినే పెద్ద చేపల్లో పాదరసం ఎక్కువగా చేరుతుంది కాబట్టి పిల్లలకు తరచూ వద్దు. ముల్లు జాగ్రత్త.

నెలకు వెయ్యి రూపాయలే చేతిలో ఉండి, నూనె కొనాలా, స్పీచ్ థెరపీకి వెళ్లాలా అంటే థెరపీకే వెళ్లండి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా ఆసుపత్రుల్లో నడిచే సత్వర చికిత్సా కేంద్రాల్లో, అంటే డీఈఐసీల్లో, పిల్లలను పరీక్షించి థెరపీ ఉచితంగా ఇస్తారు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం నడిచే జాతీయ సంస్థ ఎన్ఐఈపీఐడీలో అంచనా, థెరపీ రెండూ ఉన్నాయి. వెళ్లేటప్పుడు ఇప్పటిదాకా వాడిన సిరప్పులు, క్యాప్సూళ్ల డబ్బాలన్నీ ఒక సంచిలో వేసుకుని తీసుకెళ్లి డాక్టరు ముందు పెట్టండి. విటమిన్ ఎ మొత్తం ఎంతవుతోందో ముందుగా ఆ లెక్క చేయించండి.